రికార్డరు వేణువు : తెలిసిన పాటలతో తొలి అభ్యాసము

మన పల్లెలలో పాటకు కరవు లేదు. ఊడ్పులలో పాట, పెండ్లిలో నలుగు పాట, శ్రీరామనవమికి భజన, పండుగలకు కోలాటము, తెలంగాణమున బతుకమ్మ, ఉయ్యాల యొద్ద జోల. బాలుడు బడికి పోవు నాటికే అతని చెవిలో పది పండ్రెండు వరుసలు నిలిచియుండును. కొరవడినది పాట కాదు. ఆ పాటను తన చేత పలికించుకొను సాధనము. ఆ లోటు తీర్చవలెనను తలంపుతో పంచాయతీవారు ఒక హార్మోనియమునో, ఒక జత తబలాలనో కొని పాఠశాలకు ఇచ్చుట కలదు. నేర్పువారు లేక, నేర్పువారున్నను పిల్లలకు ఓపిక చాలక, రెండేండ్లలో అవి బీరువా పైకి ఎక్కిన ఊళ్లును లేకపోలేదు. గ్రామధనము అట్లు దుమ్ము పాలుగాకుండ ఏమి చేయవచ్చునో ఒక చిన్న వాద్యమును ఉదాహరణముగా తీసికొని ఇచట విచారింతము. ఆ వాద్యము పేరు రికార్డరు.

పేరు వినగానే మాటలను పట్టి యుంచు యంత్రము స్ఫురించుట సహజము. కాని ఈ పేరు ఆ యంత్రము కంటె కొన్ని శతాబ్దములు ముందుది. పూర్వపు ఆంగ్లములో ఆ క్రియకు కంఠస్థము చేయుట, వల్లించుట, పిట్టలు మెల్లగా కూసి కూసి తమ పాటను సాధన చేయుట అను అర్థములుండెను. వల్లెవేయు గొట్టము అని మనము చెప్పుకొనవచ్చును. ఈ వాద్యమును నేర్చుకొనువారు మరువరాని విషయ మంతయు ఆ పేరులోనే యున్నది: ముందుగా చెవిలో నిలిచిన దానిని వ్రేళ్లతో వల్లెవేయుటయే దీని మార్గము.

రికార్డరు ఐరోపాఖండపు నిలువు వేణువు. మన పిల్లనగ్రోవివలె అడ్డముగా పట్టుకొనునది కాదు. సన్నాయివలె ముందుకు వాల్చి పట్టుకొనునది. నోట నుంచుకొను కొనలో ఒక బిరడా యుండును. ఆ బిరడాకును గొట్టమునకును నడుమ విడిచిన సన్నని దారివెంట గాలి పోయి, ఎదుటనున్న పదునైన అంచునకు తగిలి నాదమగును. తిరునాళ్లలో పిల్లలు కొనుక్కొను ఈల కూడ ఈ సూత్రము మీదనే పలుకును. ముందు వైపున ఏడు రంధ్రములు, వెనుక బొటనవ్రేలికి ఒక రంధ్రము. పాఠశాలలలో వాడునది సొప్రానో అను చిన్న రకము; పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, అనగా జానెడున్నర.

అడ్డపు వేణువునకు దీనికి గల ముఖ్యభేదము తొలిదినముననే తెలియును. పిల్లనగ్రోవిలో గాలిని అంచునకు తగిలించు పని పెదవులది. ఆ ఒడుపు చిక్కువరకు కొందరికి రోజులు, కొందరికి వారములు పట్టును. అంతవరకు బుస తప్ప నాదము రాదు. రికార్డరులో ఆ పనిని బిరడా చేయును. కావున ఎనిమిదేండ్ల పిల్లయైనను ఊదిన తొలి శ్వాసకే స్వరము పలుకును. ఈ సౌలభ్యమే దీనికి మేలు, ఇదియే దీనికి కీడు. పలుకుట సులభమగుటచే ఊదుట కూడ సులభమని పిల్లలు భ్రమింతురు. చెవులు చిల్లులు పడునట్లు ఊదుదురు. ఆ సంగతి ముందు చెప్పెదము.

పదునారవ శతాబ్దము నాటికి ఇది ఐరోపాలో రాజసభలలోను సామాన్య గృహములలోను వాడుకలో నుండెను. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ మరణించిన 1547 లో వ్రాసిన ఆస్తి పట్టికలో 76 రికార్డరులు ఉన్నట్లు కలదు. వెనీసు నగరమున 1535 లో సిల్వెస్త్రో గనాస్సి అను విద్వాంసుడు ఈ వాద్యమునకే ప్రత్యేకముగా ఒక శిక్షణ గ్రంథమును ముద్రించెను. పదునెనిమిదవ శతాబ్దపు నడిమికాలము తరువాత, బిగ్గరగా పలుకు అడ్డపు వేణువు ముందు ఇది నిలువలేక మూలపడెను. మరల దీనిని వెలికితెచ్చినవారిలో ఆర్నాల్డ్ డోల్మెచ్ ముఖ్యుడు. ఇంగ్లండులోని హేసల్మియర్ అను చిన్న ఊరిలో ఆయన 1919 లో రికార్డరు తయారుచేసెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ప్లాస్టిక్ వాద్యములు వచ్చుటతో వెల తగ్గి, ఇంగ్లండు, జర్మనీ, జపాను మున్నగు దేశముల పాఠశాలలలో లక్షలాది పిల్లల చేతికి ఇది అందెను.

అయితే పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా తెలిసికొనదగిన కథ యొకటి హాలండు దేశములోని ఉత్రెక్ట్ నగరమున జరిగినది. పదునేడవ శతాబ్దమున యాకొబ్ వాన్ ఐక్ అను ఒక అంధుడు ఆ నగరపు గంటలకు అధికారిగా నుండెను. గోపురములలోని గంటలను శ్రుతిచేయుట, వానిపై పాటలు పలికించుట ఆయన ఉద్యోగము. ఆయన చిన్న రికార్డరును కూడ అద్భుతముగా వాయించెడివాడు. 1649 లో అచటి సెయింట్ జాన్ దేవాలయపు సంఘమువారు ఆయన వార్షిక వేతనమును 80 గిల్డర్ల నుండి 100 గిల్డర్లకు పెంచిరి. దానికి వారు విధించిన నియమ మొక్కటే: అప్పుడప్పుడు సాయంకాలములందు దేవాలయ ఆవరణలో షికారు చేయు జనమునకు తన చిన్న వేణువుతో వినోదము కలిగింపవలెను. ఒక స్థానిక సంఘము తన లెక్కలలో ఒక వాద్యకారునికై ఇరువది గిల్డర్లు అదనముగా వ్రాసికొని, దాని ఫలమును ఊరివారందరికిని పంచినది. ఆ ఇరువది గిల్డర్లు ఎంత లాభమునిచ్చెనో లెక్క కట్టుట కష్టము. వాన్ ఐక్ పేరు, ఆయన పాటలు మాత్రము ఈనాటికిని ఆ వాద్యము నేర్చుకొను వారందరికి తెలియును.

ఆయన కూర్పులు 1640-50 ప్రాంతమున ఆమ్‌స్టర్‌డామ్ నగరమున అచ్చయినవి. ఆ సంపుటమునకు వేణువు యొక్క ఉద్యానవనము అను అర్థము గల పేరు పెట్టిరి. చూపులేని వాడగుటచే ఆయన వాయించి చూపగా ఇతరులు వ్రాసికొనవలసి వచ్చెను. అందు సుమారు 150 రచనలు కలవు. వానిలో ఎక్కువ భాగము ఆనాటి జనుల నోట నున్న పాటలు, ప్రార్థనాగీతములు, నాట్యపు వరుసలు. ప్రతిదానిని ముందు ఉన్నదున్నట్లు వాయించును. పిదప ఆ వరుసకే చిన్న చిన్న అలంకారములు కూర్చును. ఆ పైన వేగము పెంచును. వినువానికి మూలము తెలిసియుండుటచే అలంకారమును గుర్తించి ఆనందించును. నేర్చుకొనువానికి మూలము తెలిసియుండుటచే తప్పు తానే పట్టుకొనును. ఈ రెండవ ప్రయోజనమే మనకు కావలసినది. గురువు వారమునకు ఒక్కసారి మాత్రమే రాగల ఊరిలో, తక్కిన ఆరు దినములు పిల్లవానికి తప్పొప్పులు చెప్పునది వాని చెవి ఒక్కటే. ఆ చెవికి తెలియని పాట నిచ్చితిమా, ఆరు దినములు వాడు తప్పునే సాధన చేయును.

ఇక కొనుగోలు విషయము. కఱ్ఱ వాద్యములు వెల హెచ్చు, తేమకు పగులును, బడికి తగవు. మంచి ప్లాస్టిక్ రికార్డరు కొన్ని వందల రూపాయలకే లభించును. దానిని నీట కడుగవచ్చును. రంగురంగుల బొమ్మ వాద్యములు ఇంకను చౌకగా దొరకును గాని వాని శ్రుతి నిలకడగా నుండదు. వానిని కొనుట సొమ్ము పారవేయుటయే. తిరునాళ్లలో అమ్ము వెదురు ఈలలు చూడ ముచ్చటగా నుండును గాని, వాని రంధ్రములు చాలవరకు శ్రుతిని బట్టి గాక సమానదూరముగా కాల్చినవి. ఒకదానితో నొకటి కలియవు. మరియొక జాగ్రత్త కలదు. రికార్డరులలో బరోక్ పద్ధతి, జర్మన్ పద్ధతి అని రెండు రకములున్నవి. పైనుండి లెక్కించి నాలుగవ రంధ్రమును అయిదవ రంధ్రమును పోల్చి చూడవలెను: అయిదవది చిన్నదైన జర్మన్ పద్ధతి, నాలుగవది చిన్నదైన బరోక్ పద్ధతి. జర్మన్ రకమున ఒక స్వరము తొలుత సులభమగును గాని తరువాత వచ్చు కొన్ని స్వరములు శ్రుతి తప్పును. బరోక్ రకమునే కొనవలెను. తరగతి అంతయు ఒకే రకమై యుండవలెను. కొన్ని ఇవి, కొన్ని అవి యైనచో గురువు చెప్పిన వ్రేళ్లు సగము మందికి సరిపడవు.

ఊదుట యెట్లు? వేడిపాలను చల్లార్చునంత గాలి కూడ వలదు. అరచేతిని నోటి ముందుంచుకొని, అద్దముపై ఆవిరి పట్టునట్లు మెల్లగా ఊపిరి విడిచినంత చాలును. వెలిగించిన దీపమును ఎదుట నుంచి, ఆ జ్వాల వంగవలెను గాని ఆరరాదని చెప్పినచో పిల్లలు వెంటనే గ్రహింతురు. గాలి ఎక్కువైనచో స్వరము పైకెగిరి కీచుమనును, తక్కువైనచో క్రుంగును. రంధ్రములు సరిగా మూసినను కీచుమనుచున్నదన్న, నూటికి తొంబదిపాళ్లు అది శ్వాసదోషమే. తొలి రెండు వారములు పాట లేకున్నను ఫరవాలేదు; ఒకే స్వరమును నాలుగు అక్షరముల కాలము సమముగా నిలుపుట వచ్చినచో సగము విద్య వచ్చినట్లే.

గాలిని ఊదువాడు బుగ్గలతో మొదలిడరాదు, నాలుకతో మొదలిడవలెను. ప్రతి స్వరమునకు నాలుకకొన పండ్ల వెనుక తాకి ‘దు’ అను అక్షరమును గొంతెత్తకుండ పలుకవలెను. గనాస్సి తన 1535 నాటి గ్రంథములోనే ‘తె’, ‘రె’, ‘లె’ వంటి అక్షరములతో నాలుక నడకలను బోధించెను. ఈ విషయమున తెలుగు పిల్లలకు ఒక లాభము కలదు. ఆంగ్లేయుల నాలుక కొంచెము వెనుకకు తాకును. మన త, ద అక్షరములు పండ్లకే తాకును. వాద్యమునకు కావలసిన మెత్తని తాకుడు అదియే. గట్టి స్వరమునకు ‘తు’, మృదువైన దానికి ‘దు’. ‘హు’ అని ఊదుట అలవాటైన పిల్లవానిని తరువాత మరల్చుట కష్టము.

చేతులు. ఎడమచేయి పైన, కుడిచేయి క్రింద. కుడిచేతి వాటము గలవారు తెలియక కుడిచేయి పైన పెట్టుదురు. మొదటి దినముననే సరిదిద్దవలెను. రంధ్రమును వ్రేలికొనతో గాక వ్రేలి మెత్తతో మూయవలెను. మూసిన తరువాత వ్రేలు తీసి చూచినచో మెత్తపై గుండ్రని గుర్తు పూర్తిగా పడియుండవలెను. సగము గుర్తు పడినచో సగము గాలి కారినదన్న మాట. కుడిచేతి బొటనవ్రేలు ఏ రంధ్రమును మూయదు. అది వెనుకనుండి వాద్యమును మోయును. దాని విలువ తరువాత తెలియును.

వెనుక రంధ్రమును, మొదటి రంధ్రమును మూసి ఊదినచో వచ్చు స్వరమును మనము ‘గ’ అందము. దానికి రెండవ రంధ్రము కూడ చేర్చిన ‘రి’. మూడవది కూడ చేర్చిన ‘స’. ఇక పైకి పోవుటకు, వెనుక రంధ్రమును రెండవ రంధ్రమును మాత్రము మూసిన ‘మ’. అన్నియు తెరచి రెండవది ఒక్కటే మూసిన ‘ప’. ఈ చివరి స్వరమున ఎడమ బొటనవ్రేలు కూడ లేచిపోవుటచే వాద్యము చేజారునట్లుండును. అప్పుడు దానిని నిలుపునది పైన చెప్పిన కుడి బొటనవ్రేలే. ఇట్లు ఎడమచేతి వ్రేళ్లతోనే స రి గ మ ప అయిదును చిక్కినవి. పాశ్చాత్యులు వీనికి వేరు పేర్లు పెట్టుదురు. మన లెక్కలో ఇవి శంకరాభరణ రాగపు స్వరములు. గ నుండి మ కు పోవునప్పుడు ఒక వ్రేలు లేచి మరియొక వ్రేలు ఏకకాలమున పడవలెను. పిల్లలు తడబడునది ఇచటనే. ఆ రెండు స్వరములనే దినమునకు ఇరువదిసార్లు మార్చి మార్చి వాయింపించవలెను.

గ, రి, స మూడును రాగానే అభ్యాసమునకు ఇట్టి చిన్న వరుస చాలును: స రి స రి, గ గ రి నిలుపు, గ రి గ రి, స స స నిలుపు. ఆది తాళపు దెబ్బకు సరిపోవునట్లు తరగతిలో సగము మంది చేత్తో తాళము వేయవలెను, సగము మంది వాయింపవలెను. పిదప మారవలెను. వాయించుటకు ముందు తప్పక పాడవలెను. స్వరముగా పాడలేని దానిని వ్రేలు వాయింపజాలదు.

ఆ తరువాత పాటలు. ఇచట పెద్దలు సాధారణముగా చేయు పొరపాటు ఒకటి కలదు. మన సంగీతశిక్షణ మాయామాళవగౌళ రాగపు సరళీస్వరములతోను, మలహరి రాగపు గీతములతోను ఆరంభమగును. ఆ క్రమము గాత్రమునకు, వీణకు ఉత్తమమైనది. కాని రికార్డరుపై ఆ రాగముల రిషభ ధైవతములు నడిమి రంధ్రము తెరచి క్రింది రంధ్రములు మూయు మెలికతో గాని రావు. తొలి నెలలో అవి పిల్లలను విసిగించును. కావున ఈ వాద్యమున శంకరాభరణముతో మొదలిడుట న్యాయము. దానికి మన సంప్రదాయములోనే ఆధారము కలదు. ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) మద్రాసు సమీపమున మణలిలో నివసించిన కాలమున, కోటలోని ఆంగ్లేయుల బ్యాండు వరుసలను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చిరి. నొట్టుస్వర సాహిత్యములని పేరుగన్న ఇవి సుమారు 40 కలవు. అన్నియు శంకరాభరణమే, గమకములు లేని సాదా నడకలే. ‘సంతతం పాహిమాం’ అనునది ఆంగ్లేయుల రాజగీతపు వరుసకు కూర్చినది. రికార్డరుకు ఇంతకంటె తగిన తొలిపాఠములు వెదకిననూ దొరకవు.

చెవికి తెలిసిన పాట అను నియమమును బట్టి మరికొన్నింటిని చూడవచ్చును. నేడు మారుమూల పల్లెలలోని శిశుతరగతులలో సైతము ‘ట్వింకిల్ ట్వింకిల్’ అను ఆంగ్ల శిశుగీతము వినబడుచున్నది. దాని వరుస పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచివారిది; అందు స మొదలు ద వరకు ఆరు స్వరములు మాత్రమే యున్నవి. దీనిని వాయించుటకు షడ్జమమును క్రిందికి దింపి, ముందరి ఏడు రంధ్రములలో చివరిదానిని మాత్రము తెరచిన స్వరమును ‘స’ అనుకొనవలెను. అప్పుడు గాంధారమునకు మాత్రము ఒక మెలిక వచ్చును: వెనుకది, మొదటి మూడును మూసి, నాలుగవది తెరచి, అయిదు ఆరు మూయుట. షడ్జమము ఎక్కడ నిలిపినను పాట మారదు, శ్రుతి మాత్రము మారును అను గొప్ప సంగతి పిల్లలకు ఈ ఒక్క పాటతో బోధపడును. జర్మన్ స్వరకర్త బీథోవెన్ 1824 లో ప్రదర్శింపజేసిన తొమ్మిదవ సింఫొనీ చివరి భాగపు వరుస లోకమంతట రికార్డరు తరగతులలో రెండవ నెల పాటయై యున్నది. అంతటి మహారచన యొక్క ముఖ్యమైన వరుస ఎడమచేతి అయిదు స్వరములలోనే ఇమిడి, ఒక్కచోట మాత్రము క్రింది పంచమమును తాకును.

మన జానపద వరుసల కొరకు వేరొక ఉపాయము చెప్పదగును. మోహన రాగపు పోలికలు గల వరుసలు మన పాటలలో తఱచు వినబడును. మొదట చెప్పిన స్థానమునందే షడ్జమమును ఉంచి, స రి గ ప లకు క్రింది ధైవతమును, క్రింది పంచమమును చేర్చవలెను. క్రింది ధైవతమునకు వెనుకదియు, మొదటి అయిదు రంధ్రములును మూయవలెను. పంచమమునకు ఆరవది కూడ. ఈ ఆరు స్వరములలో ఒక్కదానికిని మెలిక వ్రేళ్లు లేవు. గ-మ తడబాటును లేదు. ఆరు స్వరములతో నడచు జోలలు, కోలాటపు వరుసలు ఏ ఊరిలో నున్నవో ఆ ఊరి వృద్ధస్త్రీల నడిగి ఏరుకొనవలెను. ఇది పుస్తకమునుండి తేగల జాబితా కాదు. ఊరూరికి మారును, మారవలెను. ఒకటి మాత్రము గుర్తుంచుకొనవలెను: క్రింది స్వరములకు గాలి మరింత తగ్గించవలెను, లేకున్న ధైవతము ధైవతముగా నుండదు, ఈలయగును.

పాత చలనచిత్రగీతములను పిల్లలు తప్పక అడుగుదురు. కాదనుట ధర్మము కాదు. ‘మాయాబజార్’ (1957) లోని ‘లాహిరి లాహిరి’ పాట మోహనరాగమున కూర్చినదే; ఆ స్వరములు వచ్చిన పిల్లవాడు దానివంక చూచుట సహజము. కాని సినిమాపాటలో గాయకుడు స్వరమునకు స్వరమునకు నడుమ జారుడులు, ఊపులు ఎన్నియో వేయును. వానినన్నిటిని పట్టబోయినచో రెండును చెడును. పల్లవి మాత్రము తీసికొని, ప్రతి అక్షరమునకు ఒక్కొక్క స్వరము చొప్పున ఎముకలగూడు వంటి వరుసను ముందు వాయించి, పిదప ఓపిక కొలది కండ పట్టింపవలెను. వాన్ ఐక్ చేసినదియు ఇంతే.

జాతీయగీతము సంగతి. స్వాతంత్ర్యదినమున పిల్లలు దానిని వాయింపవలెనని సర్పంచులు ఉత్సాహపడుదురు. అది తొలి ఆరు నెలల పని కాదు. అందు షడ్జమమునకు క్రింది నిషాదము, పైస్థాయి షడ్జమము రెండును వచ్చును. పైస్వరములకు బొటనవ్రేలిని మడిచి వెనుక రంధ్రమును సగము మాత్రము తెరువవలెను. అది అలవడుటకు కాలము కావలెను. పూర్తిపాఠమునకు నిర్ణీతకాలము సుమారు 52 సెకన్లు. స్వరము వెదకుకొనుచు రెండు నిమిషములు సాగదీయుట ఆ గీతమునకు మర్యాద కాదు. రెండవ సంవత్సరమున చేయవచ్చును.

పరదేశపు వాద్యము మనకేల, కృష్ణుని పిల్లనగ్రోవి ఉండగా అను ప్రశ్న గ్రామసభలో వచ్చును, రావలెను కూడ. వయొలిన్ పరదేశమునుండియే వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి మన సంగీతమునకు మలచినవారిలో మొదటివాడుగా ప్రసిద్ధుడు. శతాబ్దము గడచిన పిమ్మట విజయనగరమున ద్వారం వేంకటస్వామినాయుడు చేతిలో అది పూర్తిగా తెలుగు వాద్యమైనది. రికార్డరు అంతటి వాద్యమగునని చెప్పుట లేదు. గమకమున కిది పిల్లనగ్రోవితో సరిపోలదు. కర్ణాటక రాగమును నిండుగా ఆలపింపగోరువాడు వెదురునే పట్టవలెను. కాని శ్వాసను అదుపులో నుంచుట, వ్రేళ్లతో రంధ్రములను పూర్తిగా మూయుట, స్వరమును చెవితో గుర్తించుట ఇచట అలవడినవాడు వెదురును పట్టినప్పుడు పెదవి ఒడుపు ఒక్కటే క్రొత్తగా నేర్వవలసి యుండును.

నేర్పువారెవరు? ఈ ప్రశ్నకు ఊరిలోనే సమాధానమున్నది. దేవాలయమున సన్నాయి ఊదు కళాకారుడు, పెండ్లి బ్యాండులో క్లారినెట్ వాయించువాడు చాల ఊళ్లలో కలరు. సన్నాయికి ముందు ఏడు రంధ్రములు. క్లారినెట్ వ్రేళ్లకును రికార్డరు వ్రేళ్లకును దగ్గర పోలిక కలదు. ఇట్టివారికి ఈ చిన్న వాద్యము కొన్ని దినములలో పట్టుబడును. స్వరజ్ఞానము వారికి క్రొత్త కాదు. పెండ్లిపందిళ్లలో పెట్టెపాటలు వచ్చిన పిదప వీరి బ్రతుకుతెరువు సన్నగిల్లినది. కొడుకులు ఆ విద్యను విడిచి వేరు పనులకు పోవుచున్నారు. నెలకు ఎనిమిది తరగతులకు పంచాయతీ ఇచ్చు గౌరవవేతనము పెద్ద మొత్తము కాకపోవచ్చును గాని, ఆ కళాకారుడు బడి వరండాలో గురువుగా కూర్చుండును. ఇంతకాలము పందిటి మూల కూర్చుండిన వానికి అది చిన్న మార్పు కాదు. వాద్యములకు సొమ్ము కేటాయించి గురువునకు కేటాయింపని తీర్మానము వలదని గట్టిగా చెప్పవలసి యున్నది. బీరువా మీది హార్మోనియము కథ అట్లే మొదలైనది.

పంచాయతీకి ఈ పని తగునా యను శంక వలదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు పేర్కొనబడినవి. అందు 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య, 20వది గ్రంథాలయములు, 21వది సాంస్కృతిక కార్యకలాపములు. గ్రామసభ ఆమోదముతోను, ప్రధానోపాధ్యాయుని సమ్మతితోను, బడి వేళలకు వెలుపల తరగతి నడుపుట ఉత్తమము.

తరగతికి పదిమందికి మించరాదు. ముప్పదిమంది ఒక గదిలో ఒక్కసారిగా ఊదినచో గురువు చెవికి ఎవరి తప్పు ఎవరిదో తెలియదు. ప్రక్క ఇండ్లవారు రెండవ వారమునకే ఫిర్యాదుతో వత్తురు. చెట్టు క్రింద, ఆరుబయట కూర్చుండబెట్టిన ధ్వని చెదరిపోవును. ఇంటివద్ద దినమునకు పావుగంట చాలును. ఆదివారము రెండు గంటలు కలిపి చేయుటకంటె అది మేలు.

ఒకరు ఊదిన దానిని మరియొకరు ఊదరాదు. ఎవరి వాద్యము వారిదే. దానిపై పేరు వ్రాసిన చీటి అతికింపవలెను. అక్కచెల్లెండ్ర నడుమనైనను ఈ కట్టుబాటు సడలింపరాదు. వాయించిన తరువాత భాగములను విడదీసి, లోపలి చెమ్మను సన్నని పుల్లకు చుట్టిన మెత్తని గుడ్డతో తుడువవలెను. వారమునకొకసారి గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి నీడన ఆరబెట్టవలెను. ఎండలోనో, కాగిన నీటిలోనో పెట్టిన ప్లాస్టిక్ వంకరపోయి శ్రుతి చెడును. వాయించుచుండగా స్వరము బొంగురుపోయినచో అది చాలవరకు గాలిదారిలో చేరిన తేమ. పైనున్న కిటికీవంటి రంధ్రమును వ్రేలితో మూసి ఒక్కసారి బలముగా ఊదిన అది తొలగిపోవును. ఆ కిటికీ అంచునకు గోరు, పుల్ల, పిన్నీసు తగులరాదు. నాదము పుట్టునది ఆ అంచుననే. అది గీచుకొనిపోయిన వాద్యమును బాగుచేయుట ఎవరి తరమును కాదు. బడి మాని పోవు పిల్లవాడు తిరిగి ఇచ్చిన వాద్యమును పుచ్చుకొనునప్పుడు గురువు మొట్టమొదట చూడవలసినది అదియే.